లోపలి గడియ

గది తలుపుకి లోపలి నుంచి గడియ పడింది!

తల్లి చేతిలోని బఠాణీల పళ్లెం ఠంగున నేలమీద పడింది. కూతురికి ఇంగ్లీషు చెప్పడానికి మాస్టారు ఇంటికి వస్తూ నెలైంది. ఆయన ఉన్నంతసేపూ తలుపు బార్లా తెరిచి ఉండాల్సిందే, గుమ్మంలో ఈవిడ కుర్చీ ఉండాల్సిందే. కాయలు ఒలుస్తూ, పాఠమంతా వింటూ, మధ్యమధ్య తనూ ఓ మాట కలుపుతూ కూర్చుంటుంది. ఇవాళ స్టవ్ కట్టేసి వచ్చేలోగా ఇంత పని జరిగింది.

"అత్తయ్యా! తలుపేసుకున్నాడు!"

సోఫాలో కునుకు తీస్తున్న అత్తగారు ఒక కన్ను తెరిచింది. "ఏసీ వేసుకున్నారేమోనే."

"మనింట్లో ఏసీ ఎక్కడుందత్తయ్యా!"

తల్లి తలుపుకి చెవి ఆనించింది. లోపల మాస్టారి గొంతు, గుసగుసగా: "గట్టిగా అనకు. మీ అమ్మ వింటుంది."

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"భయంగా ఉంది సార్," అంది పిల్ల.

"ఇంకొక్కటే. తలుపు వైపు చూడకు."

అంతే, రెండు చేతులతో దబదబా బాదింది. "బుజ్జీ! పలకవే! మాస్టారూ, గడియ తీస్తారా, పదిమందినీ పిలవమంటారా?"

"రెండు నిమిషాలాగండమ్మా, చెప్తాను!"

"చెప్పేదేంటి, ముందు తియ్యండి!"

అత్తగారికి నిద్ర ఎగిరిపోయింది. చేతికర్ర తెచ్చి కోడలికి అందించింది. "చేతులు నొప్పెడతాయి, దీంతో బాదవే."

తల్లికి దుఃఖం, కోపం కలగలిసి తన్నుకొచ్చాయి. "మొన్ననే కదయ్యా గొప్పగా చెప్పావు! ట్యూటర్ అన్నది లాటిన్ మాటని! మొదట్లో దానికి పాఠాలు చెప్పేవాడని కాదు, దిక్కులేని పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే కాపలా మనిషని అర్థమని! పాఠాల సంగతి తర్వాతెప్పుడో వచ్చి చేరిందని! ఆ కాపలా మనిషే గడియ పెట్టుకుంటే నా పిల్లకి దిక్కెవరయ్యా?"

లోపల గబగబా ఏదో గీకిన చప్పుడు. కుర్చీ జరిగింది. గడియ ఊడింది.

ఆవిడ కర్రతో సహా లోపలికి దూసుకెళ్లింది. కూతురు బల్ల దగ్గర పెన్ను పట్టుకుని, నవ్వాపుకోలేక ఎర్రబడి కూర్చుంది. మాస్టారు ఒక చేత్తో చెమట తుడుచుకుంటూ రెండో చేత్తో కాగితం చాపాడు.

"నెల రోజులుగా నేనేం అడిగినా జవాబు గుమ్మంలోంచే వస్తోందమ్మా. పిల్లకి సొంతంగా ఏం వచ్చో చూద్దామని గడియ పెట్టి పరీక్ష పెట్టాను. తొమ్మిది ప్రశ్నలకి తనే రాసింది. పదోది, 'ట్యూటర్ అనే మాట ఎలా పుట్టింది?'..." ఆయన నీరసంగా తలుపుకి చేరగిలబడ్డాడు. "అది కూడా మీరే చెప్పేశారు!"