పసుపు చుక్క

"ఆగేముందు కుదుపులిచ్చిందా, టక్కున ఆగిందా?" బానెట్ కింద పెట్టిన తల ఎత్తకుండానే అడిగాడు మెకానిక్.

"టక్కున ఆగిందట. ఇరవై నిమిషాల దాకా మళ్ళీ స్టార్ట్ కాలేదట," అన్నాడు లెక్చరర్. "ఈ నెలలో ఇది రెండోసారి. రోజూ నడిపేది మా ఆవిడే. కొండెక్కి అవతలివైపు దిగితే గానీ తను పనిచేసే ఆస్పత్రి రాదు."

"ఎక్కేటప్పుడు ఆగిందా?"

"రెండుసార్లూ ఎక్కేటప్పుడే. దిగేటప్పుడు ఆగితే?"

"స్టీరింగ్ రాయైపోతుంది. బ్రేకు రెండు మూడు తొక్కుళ్ళ దాకా పనిచేస్తుంది. తర్వాత లేచి నిలబడి తొక్కినా బండి మాట వినదు."

లెక్చరర్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆ రోడ్డుకి పిట్టగోడ కూడా లేదు."

"భయపడకండి సార్. ఇలా పట్టించుకునే మొగుడున్నాడు, మీ ఆవిడ అదృష్టవంతురాలు. మా ఆవిడ నన్నడిగితే బస్సెక్కమంటాను."

అరగంట ఆన్‌లో ఉంచాక ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే కిర్రుకిర్రుమంటోంది తప్ప అందుకోవడం లేదు. మెకానిక్ ఓ గుడ్డముక్క తడిపి, ఇంజను పక్కనున్న బొటనవేలంత వస్తువు మీద కప్పాడు. రెండు నిమిషాలాగి మళ్ళీ తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది.

"దొంగ దొరికాడు. ఇంజను తిరుగుతోందని కంప్యూటర్‌కి కబురందించే సెన్సర్ ఇది. వేడెక్కగానే స్పృహ తప్పుతోంది. కబురాగితే ఇంజనూ ఆగుతుంది."

కొత్త సెన్సర్ వేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. లెక్చరర్ వంగి చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్క బోల్టేనా?"

"ఒక బోల్టు, ఒక క్లిప్పు. మీ డిక్కీలో ఉన్న స్పానరే చాలు. అలాగని నేర్చేసుకుని నా పొట్ట కొట్టకండి సార్." మెకానిక్ పెయింటు డబ్బాలో పుల్ల ముంచి, కొత్త సెన్సర్ మీద పసుపు చుక్క పెట్టాడు. "ఇది నా సంతకం. పాతదే తుడిచి బిగించావని రేపెవరైనా అంటే చూపించొద్దూ?"

ఇద్దరూ కారులో వెళ్ళి, ఊరి చివరి ఏటవాలు రోడ్డు మీద గంటసేపు ఎక్కీ దిగీ వచ్చారు. ఒక్కసారి కూడా ఆగలేదు.

షాపు ముందు దిగేసరికి లెక్చరర్ ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేశాడు.

"నేను రేపట్నుంచి బస్సులో పోతానండీ," అంది అవతల్నుంచి నర్సుగా పనిచేసే అతని భార్య. "ఆ కారు తలుచుకుంటేనే గుండె దడగా ఉంది. కిందటి మెకానిక్ కూడా బాగుచేశాననే చెప్పాడు."

"నా మాట ఎలాగూ నమ్మవు. ఈయన్నే అడుగు," అంటూ ఫోన్ మెకానిక్ ముందుకి చాపాడు.

"అమ్మా, పాత పార్టు సారు చేతికిస్తున్నా. దాని మీద చుక్క ఉండదు, చూసుకోండి. పసుపు చుక్క ఉన్నది మీ ఇంజనులో ఉంది. ఇక బండి ఆగితే నేను షాపు మూసేస్తా. నిశ్చింతగా నడపండి."

ఇంటికొచ్చాక నర్సు పాత సెన్సర్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా చుక్క లేదు. చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఇంత పిసరంత వస్తువా నన్ను హడలగొట్టింది?"

"ఇప్పుడైనా నమ్మకం కుదిరిందా?"

"కుదిరింది. పొద్దున కారులోనే వెళ్తా." ఆమె చేతికంటిన నూనె చూసుకుంది. "దీన్ని ఎక్కడైనా పారేద్దురూ, ఇంట్లో వద్దు."

లెక్చరర్ దాన్ని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. "కారులో నీళ్ళు కూడా చూసి వస్తాను. పొద్దున నీకు హడావుడి ఉండదు."

"ఎప్పుడూ లేనిది, ఎంత శ్రద్ధో," అంది నర్సు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది గానీ, గొంతులో ఆప్యాయత కూడా ఉంది.

అతను కారు దగ్గర పావుగంట గడిపాడు. తర్వాత వీధి చివరికి నడిచి, జేబులోంచి పొట్లం తీసి, చెత్తకుండీ మీద విప్పాడు.

లోపల పడ్డ సెన్సర్ మీద పసుపు చుక్క ఉంది.