ఎడమవైపు బోల్టు

అక్టోబరు 9. పొద్దున మంచు, తరువాత ఎండ. పొయ్యి గొట్టంలో మసి దులిపాను.

నాలాగే ఒంటరిగా ఉంటున్న పొరుగింటి ఓర్లీన్‌ను తోడు తీసుకుని తుపాకుల దుకాణానికి వెళ్ళాను. ఉడుతల వేటకూ, డబ్బాలను గురిచూసి కొట్టడానికీ చిన్న తూటాలు వేసే ట్వంటీటూ రైఫిల్ ఒకటి కావాలి. ఉడుతలను కొట్టడంలో మా లోయలో ఆమెను మించినవారు లేరు.

నేను ఎంచినదాన్ని చూసి ఆమె పకపకా నవ్వింది.

"వెర్నన్ గారూ, కళ్ళజోడు మరిచారా? దీనికి తూటా ఎక్కించే బోల్టు ఎడమవైపుంది! మీది కుడిచేతివాటం కదా."

"తెలుసు. ఓసారి ఎత్తి చూడండి."

ఆమె రైఫిల్ మడమను తన వాటమైన ఎడమ మోచేతి మడతలో ఆనించి వేలు చాచింది. ట్రిగ్గరు సరిగ్గా అందింది.

"నాకైతే కొలిచి చేసినట్టుంది. మీకు పొట్టి. అయినా మీ ఇంట్లో ఎడమచేతివాళ్ళెవరూ లేరుగా?"

"లేరనే కొంటున్నాను."

దుకాణదారు తూటాల పెట్టెలు సర్దడం మానేశాడు. ఆమె బోల్టును వెనక్కి లాగింది, ముందుకు తోసింది, మళ్ళీ లాగింది.

"సరే, మీ ఇంటి గోడకు దీన్ని తగిలించే మేకు మాత్రం నా ఎత్తుకు కొట్టండి. మీ ఎత్తుకు కాదు."

ఇంటికి వచ్చి మేకును మూడుసార్లు పీకి కొట్టాను. ప్రతిసారీ "ఇంకొంచెం కిందికి" అంది. సాయంత్రం కోళ్ళను గూట్లోకి తోలాను.