బిగుసుకుపోయిన నట్టు

కారు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి వెంకటకృష్ణారావువి.

షెడ్డు ఎదురుగా నీడలో పీట వేసుకుని, ఆయన భార్య నాగేశ్వరమ్మ ఆవకాయ ముక్కలు తుడుస్తోంది.

"ఏమండీ, ఇంకా ఎంతసేపు?"

"నట్టు బిగుసుకుపోయిందే. రావట్లేదు."

"పోయిన ఆదివారమే కదా ఆయిల్ మార్చారు?"

"వేసవి కదా! ఈ ఎండలకి ఆయిల్ పల్చబడిపోతుంది. రేపు ఇంజను పట్టేస్తే నడిరోడ్డు మీద నువ్వు తోస్తావా?"

"అయ్యో, అంత కథ ఉందా!" అంటూ నాగేశ్వరమ్మ ఇంకో ముక్క అందుకుంది.

సొంత కారుకి ఇంటి దగ్గరే ఆయిల్ మార్చుకోవడం వెంకటకృష్ణారావుకి ఏళ్ళనాటి అలవాటు. మెకానిక్కుల్ని నమ్మడు. అందుకోసమే షెడ్డులో సిమెంటు దిమ్మెలు కట్టించుకున్నాడు. ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించి, గోనెపట్టా పరుచుకుని, కిందికి దూరతాడు. పోయిన ఏడాది కారు మారింది. అలవాటు మారలేదు.

కాకపోతే ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది పానా కాదు. చిన్న రసం.

నూజివీడులో పుట్టి, సొంత మామిడితోట ఉండి, పండు నోట పెట్టకూడదంటే ఎలా ఉంటుందో ఆ విజయవాడ డాక్టరుకి తెలియదు. షుగరు రిపోర్టు చూసి, "రసాల జోలికి వెళ్ళకండి" అని తేలిగ్గా అనేశాడు. నాగేశ్వరమ్మ ఆ మాటని చట్టం చేసింది. పళ్ళు మాగేసిన గదికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

"పండుతో పట్టుబడ్డారో, వచ్చే ఏడు తోటని పూత మీదే బేరగాడికి ఇచ్చేస్తాను. ఇంటికి ఒక్క కాయ రాదు" అంది.

అని ఊరుకునే మనిషి కాదు. చాటుగా బెల్లం తింటూ ఆయన దొరికిపోయిన రోజు నుంచి ఆ ఇంట్లోకి బెల్లం రాలేదు.

అయితే ఈ మధ్య ఆవిడకి కాస్త మతిమరుపు వచ్చింది. శనివారం సాయంత్రం అయ్యేసరికి తాళంచెవి కిటికీలో పెట్టి మరిచిపోతోంది. ఆ మతిమరుపుకి వెంకటకృష్ణారావు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాడు. ఆయిల్ మార్చిన రోజు రాత్రి తన కంచంలో అన్నం బదులు ఒక్క పుల్కాయే ఎందుకు పడుతుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

కార్ల సంగతి ఆవిడకి ఏమీ తెలియదు. వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంటే, దిగేటప్పుడే తెరుస్తుంది. అదే ఆయన ధైర్యం.

పండుని మెత్తగా పిసికాడు. ముచ్చిక కొరికి, సొన పిండేశాడు. వాసన బయటికి పోకుండా తల పక్కనే పాత ఆయిల్ డబ్బా మూత తీసి ఉంచాడు. పండు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

జుర్రుమని చప్పుడైంది.

"ఏంటండీ అది?"

"ఆయిల్ దిగుతోందే!"

"అయితే నట్టు వచ్చిందన్నమాట."

"ఆఁ... కొంచెం."

అంతలో గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగింది. నాగేశ్వరమ్మ తమ్ముడు బసవపున్నారావు. బాపులపాడు నుంచి రసాల కోసం వచ్చాడు. బండ్ల గురించి తనకి తెలియనిది లేదనుకుంటాడు. తెలిసింది నోట్లో దాచుకోలేడు.

"బావేడక్కా?"

"కారు కింద. ఆయిల్ మారుస్తున్నారు."

బసవపున్నారావు కాళ్ళ వంక చూశాడు. కారు వంక చూశాడు. మళ్ళీ కాళ్ళ వంక చూశాడు.

"ఆయిలా?"

"ఆయిలే."

కారు కింద జుర్రుకోవడం ఆగిపోయింది. రసం మోచేతి దాకా కారుతున్నా నాకడానికి ధైర్యం చాలలేదు.

"ఉండు బావా, నేనూ ఓ చెయ్యేస్తా" అంటూ బసవపున్నారావు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని వంగబోయాడు. "అయినా అక్కా, అసలు ఈ బండికి..."

వెంకటకృష్ణారావుకి వచ్చే ఏటి పూతంతా కళ్ళ ముందు రాలిపోయింది.

"ఒరే పున్నారావ్!" నాగేశ్వరమ్మ లేచి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఎండన పడి వచ్చావు. ముందు లోపలికి రా, మజ్జిగ ఇస్తాను. తెల్ల చొక్కా వేసుకుని మట్టిలో దొర్లుతావా?"

"అది కాదక్కా, బావ..."

"మీ బావ పని మీ బావ చూసుకుంటారు. నువ్వు నడు."

లోపల ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. కాసేపటికి బసవపున్నారావు పగలబడి నవ్వడం మాత్రం వినిపించింది.

వెంకటకృష్ణారావు టెంకని తెల్లబడేదాకా చీకి, గోనెపట్టా కింద దాచాడు. పాత ఆయిల్లో వేళ్ళు ముంచాడు. మూతి మీద పచ్చగా అంటిన చోటల్లా నల్లగా రాసుకుని బయటికి వచ్చాడు.

ఎదురుగా నాగేశ్వరమ్మ తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"అయిందాండీ?"

"అయింది. మళ్ళీ ఆదివారం దాకా ఢోకా లేదు."

"పాపం, చాలా కష్టపడ్డారు. మూతి తుడుచుకోండి. రేపు పొద్దున్నే విజయవాడ వెళ్ళాలి, గుర్తుందా? షుగరు పరీక్షకి."

"ఎందుకు లేదూ..." అన్నాడు గుడ్డలోంచి.

మధ్యాహ్నం రసాల బుట్ట కట్టించుకుని బసవపున్నారావు వెళ్ళిపోయాడు. వెంకటకృష్ణారావు మంచమెక్కి, చల్లగా నిద్రపోయాడు.

అప్పుడు నాగేశ్వరమ్మ షెడ్డులోకి వచ్చి, రేపటి ప్రయాణం మాటే మరిచి పడుకున్న మొగుణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, గోడకి చుట్టి ఉన్న వైరు అందుకుని, ఇంజనన్నదే లేని ఆ కరెంటు కారుకి ఛార్జింగ్ పెట్టింది.