వెనక్కి వచ్చిన ప్లేటు

ఆ రోజు కూడా ప్లేటు వెనక్కి వచ్చింది.

హెడ్ వెయిటర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, గుండ్రటి అద్దమున్న వంటింటి తలుపును భుజంతో నెట్టాడు. లోపల గరిటెల చప్పుడు ఆగిపోయింది. కూరలు తరిగేవాళ్ళు తలలు దించుకున్నారు. చెఫ్ ఒక్కడే తల ఎత్తి, ఏమంటున్నారని అడిగాడు.

ఏదో తగ్గిందట, ఏమిటో చెప్పలేదు అన్నాడు హెడ్ వెయిటర్.

చెఫ్ పొయ్యి దగ్గర్నుంచి వచ్చాడు. చెంచా తీసుకుని నిలబడే తినడం మొదలుపెట్టాడు. అన్నం, చేప, పక్కనున్న ఉడికిన బంగాళాదుంప, చివరికి అంచుకంటిన సాసు కూడా వదల్లేదు. లోపమేం కనపడలేదని చెప్పి, మూతి తుడుచుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రెస్టారెంటు మొదటి రూలు అది. ఇరవై రెండేళ్ళ కిందట, మూతపడ్డ మెకానిక్ షెడ్డులో ఆరు టేబుళ్ళు వేసి మొదలుపెట్టిన రోజే చెఫ్ ఆ మాట గోడ మీద సుద్దముక్కతో రాశాడు. వెనక్కి వచ్చిన ప్లేటు చెత్తబుట్టలోకి పోకూడదు, తన కడుపులోకే పోవాలి. తప్పు తనదైతే శిక్షా తనదే. ఆ రూలే ఆయనకి పేరు తెచ్చింది. పత్రికలవాళ్ళు రాశారు, టీవీవాళ్ళు చూపించారు, మూణ్ణెల్ల ముందు చెబితే తప్ప టేబుల్ దొరకని రోజులొచ్చాయి. చిత్రమేమిటంటే, ఆ ఇరవై రెండేళ్ళలో వెనక్కి వచ్చిన ప్లేట్లు మొత్తం పదకొండు. హెడ్ వెయిటర్‌కి పదకొండూ గుర్తే.

ఇప్పుడీ మూడు వారాల్లోనే ఇరవై దాటాయి. అన్నీ ఒక్క మనిషి పంపినవే.

ఆవిడకి వంటింట్లో 'వాపసమ్మ' అని పేరు పెట్టేశారు. యాభై దాటిన మనిషి. రోజూ అదే బూడిదరంగు శాలువా. పదకొండింటికే వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది. బుకింగ్ లేకుండా వచ్చేవాళ్ళ కోసం వంటింటి తలుపు పక్కన ఒంటి కుర్చీ టేబుల్ ఒకటి ఉంచుతారు. ఎవరికీ అక్కర్లేని టేబుల్ అది. ఆవిడకి అదే కావాలి. పేరు మోసిన వంటకాలేవీ అడగదు. కడుపు నిండేదేదో చూసి తెమ్మంటుంది. మిరియాలు తగ్గించమంటుంది. తీరా ప్లేటు వచ్చాక ఒక్క ముద్దయినా నోట పెట్టకుండా, బాగాలేదు తీసుకెళ్ళమంటుంది.

అంతటితో పోనిస్తుందా? హెడ్ వెయిటర్ తిరిగొచ్చేదాకా కదలదు. చెఫ్ ఏమన్నారని అడుగుతుంది. మొత్తం తిని చూశారు, ఏ లోపమూ లేదన్నారు అని చెబితే, "మొత్తమా?" అని రెట్టించి, అప్పుడు గానీ కుర్చీలోంచి లేవదు. పుండు మీద కారం చల్లి, మండిందా లేదా అని చూసే రకం అనుకున్నాడు హెడ్ వెయిటర్.

అతని బాధల్లా చెఫ్ గురించే. మనిషి చిక్కి సగమయ్యాడు. తెల్లకోటు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, కిందటి నెల రెండు రోజులు సెలవు పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. ఇల్లు వేరు, వంటిల్లు వేరు అనే మనిషి. ఆయన గడప తొక్కినవాళ్ళు గానీ, ఇంట్లోవాళ్ళని చూసినవాళ్ళు గానీ ఇక్కడ లేరు. ఆయన తిరిగి పనిలోకి వచ్చిన మర్నాటి నుంచే ఈవిడ దాపురించింది. ఆ తర్వాత చెఫ్ హాల్లోకి రావడం మానేశాడు. వంటవాళ్ళతో కలిసి భోజనానికి కూర్చోవడమూ మానేశాడు. పిలిస్తే, మీరు కానివ్వండి అంటాడు. పాపం, ముఖం చెల్లక అనుకున్నారంతా.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, పక్క టేబుల్ దగ్గర కూర్చున్న పత్రికాయన ఒకడు ఇదంతా చూసి వెళ్ళి, ఆ చేతి మహిమ అయిపోయినట్టేనా అని రాసిపారేశాడు. వారం తిరక్కుండా తొమ్మిది బుకింగులు రద్దయ్యాయి. హెడ్ వెయిటర్‌కి ఏడుపొక్కటే తక్కువ. పేరు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనిషే పోతే? ఈ ప్లేట్లే ఆయన్ని తినేస్తున్నాయి. ఆయన ఉప్పు తిని బతికినవాడు చూస్తూ ఊరుకుంటాడా?

అందుకే ఇవాళ గట్టిగా నిర్ణయించుకుని హాల్లోకి వచ్చాడు. ఆవిడ ఎప్పట్లాగే తల ఎత్తి, చెఫ్ ఏమన్నారని అడిగింది.

"రేపట్నుంచి మీరు రావద్దు" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. "గేటు దగ్గర చెప్పేశాను. మీకింక ఇక్కడ టేబుల్ లేదు."

ఆవిడ శాలువా దగ్గరికి లాక్కుంది.

"మా చెఫ్ మీకేం ద్రోహం చేశాడమ్మా? రోజురోజుకీ కరిగిపోతున్నాడు. నాకు అన్నలాంటివాడు. దండం పెడతాను, ఆయన్ని వదిలెయ్యండి."

ఆవిడ వంటింటి తలుపు వైపు చూసింది. అద్దంలోంచి తెల్లకోటు వీపు కనిపిస్తోంది. టేబుల్ అంచు పట్టుకుని మెల్లగా లేచింది.

"ఇవాళ మిగల్చకుండా తిన్నారా?"

"తిన్నాడు. ఇంకా ఏం కావాలి మీకు?"

ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"మా అమ్మాయి పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఆయన మెతుకు ముట్టడం లేదు అన్నయ్యగారూ, ఇన్ని రోజులుగా ఆయన కడుపులో పడుతున్నది మీరు వెనక్కి పట్టుకెళ్ళే ఈ ప్లేటొక్కటే."