మంచి కాలి కొలత

"తిరుపతన్నా, ఎవడో మీ ఇంటి ముంగట కూసొని విద్య కాలు కొలుస్తుండు."

పక్కింటి రాజలింగు ఈ మాట చెప్పేసరికి తిరుపతి తన పంక్చర్ షాపులో లారీ టైరు విప్పుతున్నాడు. చేతిలో ఉన్న ఇనుప రాడ్డుతోనే ఇంటివైపు పరుగెత్తాడు.

కోర్పనా రోడ్డు మీది ఆ ఊళ్లో వారం నుంచి పిల్లల్ని ఎవరూ వాకిలి దాటనివ్వడం లేదు.

పెద్ద పట్నంలో భూమి కింద నడిచే రైలుకు కొత్త లైన్లు వేస్తున్నారు. సర్కారు దగ్గర పైసలు నిండుకుని, అప్పిచ్చేవాళ్లు వెనకాడి, సొరంగం పని మధ్యలో ఆగింది. ఇది పేపర్లో వచ్చిన మాట.

ఫోన్లలో వచ్చిన మాట వేరు. సొరంగం కూలిపోతోందట. నిలబడాలంటే పసిపిల్లల బలి కావాలట. కాంట్రాక్టరు మనుషులు ఊళ్ల మీద పడి పిల్లల్ని కొలుచుకుని పోతున్నారట.

పేపరు మాట ఊళ్లో ఒక్కరూ చదవలేదు. ఫోను మాట అందరూ నమ్మారు.

తిరుపతి ఇంకొంచెం ఎక్కువ నమ్మాడు. ఆ సొరంగం గోడల సిమెంటుకు రాయి తవ్వేది ఈ ఊరి పక్కనే. ఆ రాయి మోసే టిప్పరు ఒకటి, రెండేళ్ల కింద విద్య ఎడమ కాలిని మోకాలి దిగువ నుంచి నుజ్జు చేసింది; ఆసుపత్రిలో అక్కడికి తీసేశారు.

కూతురు కర్ర పట్టుకుని బడికి పోతుంటే చూడలేక, ఎవరో ఇచ్చిన నంబరు పట్టుకుని ఒక డాక్టర్ సాబ్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. పిల్లలకు కాళ్లు చేసి ఉత్తగనే ఇస్తాడట.

"నేను డాక్టర్ను కాదు భయ్యా," అనేవాడు సాబ్ హిందీలో. పెద్దవాళ్లు అట్లాగే అంటారనుకున్నాడు తిరుపతి.

"నా బిడ్డ మళ్ల ఉరుకుతదా సాబ్?"

"ఉరుకుతుంది. నాకు తెలుసు. దీపావళి సెలవులకు వస్తాను."

దీపావళి ఇంకా నెల ఉంది. సాబ్ కారు దిగే చోట గుంత ఉందని తిరుపతి ఇప్పటికే మొరం పోసి చదును చేశాడు.

ఇంటి ముందున్నవాడు మాత్రం బస్సు దిగి వచ్చిన మనిషి. మాసిన ప్యాంటు, దుమ్ము పట్టిన బూట్లు, పక్కన గుడ్డ సంచి. నేల మీద ఒక కాలు చాపుకుని కూర్చుని, అరుగు మీదున్న విద్య కాలికి టేపు పెట్టి కొలుస్తున్నాడు.

కొలుస్తున్నది మంచి కాలు.

తిరుపతి రాడ్డును బిగించి పట్టుకున్నాడు. ఉన్న ఆ ఒక్క కాలితో వీడికేం పని?

అప్పటికే జనం మూగారు. తిరుపతి భార్య హేమలత పిల్లను ఎత్తుకుని లోపల దించి, బయట గొళ్లెం పెట్టింది. విద్య లోపల నుంచి తలుపు బాదుతూ ఏదో అరుస్తోంది. జడుసుకుందనుకున్నారు.

"ఏడికెల్లి వచ్చినవ్‌రా?" అన్నాడు రాజలింగు.

వాడు తడబడుతూ లేచాడు.

"పట్నం నుంచి. మెట్రో సొరంగంలో పని చేస్తా. పని బంద్ అయింది, అందుకే ముందుగానే..."

మిగతా మాట రాజలింగు పిడికిలి కింద నలిగిపోయింది.

నోరంతా నెత్తురు. వాడు ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏదో చూపించబోతున్నట్టు వంగి ప్యాంటు అంచు పట్టుకున్నాడు.

"చాకు తీస్తుండు."

ఆ మాట ఎవరన్నారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

కట్టెలు లేచాయి. సైకిల్ చైను లేచింది. పొద్దున ఒకరికొకరు చాయ్ పోసుకున్న మనుషులే వంతులేసుకుని కొట్టారు. దవడ పగిలింది, చేతివేళ్లు చితికిపోయాయి. సిగ్గుమాలిన పని. ఆ పూట సిగ్గుపడినవాడు ఒక్కడూ లేడు.

దెబ్బదెబ్బకూ వాడు "ఆయీ, ఆయీ" అని మరాఠీలో తల్లిని పిలుస్తూ ఏడ్చాడు.

"నా బిడ్డ కాలే దొరికిందారా నీకు?"

తిరుపతి రాడ్డు ఎత్తి వాడి ఎడమ పిక్క మీద కొట్టాడు.

అన్ని దెబ్బలకూ ఏడ్చినవాడు ఈ దెబ్బకు కిక్కురుమనలేదు. తిరుపతికి ఒళ్లు మండిపోయింది. అదే కాలి మీద మళ్లీ కొట్టాడు. ఏదో పటుక్కున విరిగింది. అప్పుడూ వాడు అరవలేదు.

"మొండోడు," అన్నారెవరో.

ఆ తర్వాత తల మీద ఒక దెబ్బ పడింది. వాడు కదలడం మానేశాడు.

నర్సక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పోచమ్మకు మేకను ఇచ్చేటప్పుడు దాన్ని నిలువెల్లా తడిమి చూసి, సరే అని చెప్పే ముసలామె. నేల మీది మనిషిని చూసింది, తలుపు వైపు చూసింది.

"కుంటి మేకను మనమే అమ్మోరికి పెట్టం గదరా. కాలు లేని పిల్లను బలికి ఎవడు కొలుస్తడు?"

కట్టెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

గోల అణిగాక తలుపు వెనుక విద్య మాటలు స్పష్టంగా వినిపించాయి.

"బాపూ, కొట్టకుండ్రి. గీ కాలు కొలిస్తెనే దానికి జోడు కాలు చేయొస్తదట. నువ్వే పిలిచినవట గద."

తిరుపతి చేతిలోంచి రాడ్డు జారిపోయింది.

పోలీసు జీపు వచ్చింది. కానిస్టేబుల్ పడి ఉన్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"నేను భుజాలు పడుత. నువ్వు కాళ్లు పట్టు," అన్నాడు తిరుపతితో.

తిరుపతి వంగి పట్టుకుని పైకెత్తాడు. రాడ్డు దెబ్బలకు పట్టీలు తెగిన ఎడమ కాలు బూటుతో సహా ఊడి అతని చేతుల్లోకి వచ్చింది; విద్య కాలు ఎక్కడ ఆగిపోయిందో, ఆయన కాలూ అక్కడే ఆగిపోయి ఉంది.