నీడన ఆరబెట్టాలి

"ఇంత జ్వరంలో ఎక్కడికి?" అన్నాడు గుమాస్తా.

అతని భార్య ఒక చేత్తో గోడ పట్టుకుని, కాలితో చెప్పులు వెతుక్కుంటోంది.

"వాచీల ఆయన పొద్దున వానలో బండి మీద వచ్చాడు. తోలు కోటు తడిసి ముద్దయింది. కిటికీలోంచి చూశాను."

"తడిస్తే ఆరుతుంది. కోటు అతనిది, తడిసిందీ అతను. మధ్యలో నీకేమిటి?"

"ఆయనకేం తెలీదు. ఎండలో పడేస్తాడు. తోలు బిరుసెక్కి పగిలిపోతుంది."

వారం నుంచి తను దగ్గుతున్నా ఎందుకని అడగని మనిషి, ఎదురింటాయన కోటు బిరుసెక్కుతుందని బెంగ పెట్టుకుంది.

అతను రైల్వే స్టేషన్లో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో పనిచేస్తాడు. వీధంతా అతన్ని గొడుగుల గుమాస్తా అంటుంది. ముప్పై ఏళ్లుగా దిక్కులేని గొడుగులు, డబ్బాలు, శాలువాలు చూసి చూసి, తన ఇంట్లో ప్రతి వస్తువు మీదా చెరగని నల్లసిరాతో పేరు రాయడం అలవాటు చేసుకున్నాడు. గొడుగు పిడి మీద, దుప్పటి అంచున, భార్య చెప్పుల అడుగున కూడా. "నా మీద కూడా రాసుకోండి, ఎవరైనా ఎత్తుకుపోగలరు" అని ఆవిడ ఒకప్పుడు నవ్వేది. ఇప్పుడా మాట గుర్తొస్తే అతనికి నవ్వు రావడం లేదు.

పోయినేడు అతనొక్కడే ఒక పూటలో ఇల్లంతా సర్దాడు. ఏది ఏమిటో చూడకుండా మూటలు కట్టి, పాతబట్టల దుకాణంలో ఇచ్చేసి వచ్చాడు. ఇల్లు తేలికపడుతుందనుకున్నాడు. తలుపు వెనక కొక్కెం ఖాళీ అయింది, ఆవిడ మాటలు కూడా ఆ రోజు నుంచే తగ్గిపోయాయి. అన్నం పెట్టాను, తలుపు వేసుకోండి, అంతే.

నాలుగు నెలల కిందట ఎదురింట్లో వాచీలు బాగుచేసే ఆయనకి, యాభయ్యో ఏట, మోటార్ సైకిల్ సరదా పుట్టింది. పాత బండి కొన్నాడు. దానికి తగ్గట్టు ఎక్కడో ఎవరో వాడిన తోలు కోటు, తోలు ప్యాంటు కూడా కొన్నాడు. కోటు జిప్పు పొట్ట దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆ వేషాన్ని చూసి వీధంతా నవ్వింది, ఆవిడ తప్ప.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వీధి దాటి వెళ్తోంది. తిరిగి వచ్చేసరికి చేతులకి తోలు సబ్బు వాసన. గుమాస్తా మేడ మీద కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. దుకాణం ముందు బల్ల మీద కూర్చుని ఆవిడ కోటు ఒళ్లో పరుచుకునేది. తడిగుడ్డతో తుడిచి, క్రీము వేలితో తీసి, భుజాల మీద, మోచేతి మడతల్లో చిన్నచిన్న సున్నాలు చుడుతూ రాసేది. అంత మెల్లగా ఆవిడ తన తలకి నూనె రాసి ఎన్నాళ్లయిందో. పోయిన ఆదివారం వాచీల ఆయన టీ తేవడానికి లోపలికి వెళ్లగానే, ఆవిడ కోటు ఎత్తి అందులో మొహం దాచుకుంది. ఆయన వచ్చే అలికిడి అయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

గుమాస్తా కిటికీ మూసేశాడు. ఆ వారమంతా ఒక్క మాట అడగలేకపోయాడు.

ఇవాళ అన్నాడు. "నువ్వు పడుకో. నేను వెళ్తాను."

"మీరా?"

"నేనే. అతనితో మాట్లాడే పని కూడా ఉంది."

 ఆవిడ మెత్తటి పొడిగుడ్డ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"పిండకండి, అద్దండి. నీడనే ఆరబెట్టాలి."

"ఇన్నాళ్లూ నాకో మాట చెప్పి వెళ్లకూడదా?"

"చెబితే వద్దనేవారు" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

గేటు లోపల సిమెంటు మీద, ఒకప్పుడు బండి ఆపే చోట, పాత నూనె మరక ఉంది. రెండుసార్లు రుద్దించినా పోలేదు. రోజూలాగే దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి అతను వీధి దాటాడు.

"రండి, గొడుగుల గుమాస్తా గారూ. వాన వెలిశాక వచ్చారే" అన్నాడు వాచీల ఆయన. కోటు నిజంగానే ఎండలో, కుర్చీ మీద పడి ఉంది. "మేడం గారు రాలేదేం?"

"జ్వరం. ఇక ముందు కూడా రాదు."

వాచీల ఆయన కంటికున్న భూతద్దం తీసేశాడు. "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"నీ కోటు మీద అంత ప్రేమ ఎందుకో ఆవిడకి, నువ్వే చెప్పు."

"అదే నాకూ అర్థం కాదు సార్. మొదటిరోజు దుకాణంలోకి వచ్చీ రాగానే కోటు విప్పమన్నారు. భుజాలు సాగదీస్తున్నారు, పొట్ట తగ్గించండి అని చీవాట్లు. నేనంటే ఆవిడకి కోటు తగిలించే కొయ్యే. అంత ఇష్టమైతే మీరే తీసుకెళ్లండి అన్నాను. వద్దు, ఇంట్లో మళ్లీ మూట కట్టేస్తారు, మీరు తొడుక్కుని తిరగండి, అది గాలికి తిరగాలి అన్నారు."

బాగా అల్లాడు కథ, అనుకున్నాడు గుమాస్తా. అయినా కోటు ఎండలో ఉండటం చూడలేక, తీసి నీడలోకి తెచ్చాడు. చెప్పినట్టే భుజాలు అద్దాడు, చేతులు అద్దాడు. తర్వాత, ఎవరి కోటు చేతికొచ్చినా చేసే పనే, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, కాలరు తిప్పి చూశాడు.

లోపల, తన గుండ్రటి అక్షరాల్లో, చనిపోయిన కొడుకు పేరు ఉంది.