దొర చెప్పిన సాక్ష్యం

మా పోరాటానికి గోరీ కట్టింది ఆ స్కాట్లాండ్ దొరే అనుకున్నాను. ఒకప్పుడు యుద్ధనౌకలో ఆఫీసరు, ఇప్పుడు సువార్తికుడు.

ఎండదెబ్బకు మాతో పనిచేసే గణపతి సైట్‌లోనే చచ్చిపోయాక, మిట్టమధ్యాహ్నం పని చేసేది లేదని ఈ ఎడారి దేశపు ఇబ్రా కూలీల క్యాంపులో అందరం ఒక్కమాట మీద నిలబడ్డాం. ఫోర్‌మన్ ప్రేమచంద్ ఇవాళ ఈ దొరను తీసుకొచ్చాడు. ఆయన ఇంగ్లిష్‌లో సాక్ష్యం చెబుతుంటే ప్రేమచంద్ వెంటవెంటనే తెలుగు చేశాడు.

"తమ్ముళ్లారా, సముద్రంలో మనుషులు మునిగిపోతున్నా ఓడ ఆపొద్దని పైవాళ్లు ఆర్డరిచ్చారు. వాళ్ల మాట విన్నాను. దేవుడు దీవించాడు. మీరూ వినండి!"

దొర కళ్లు తుడుచుకున్నాడు. మావాళ్లు కరిగిపోయారు. "పెద్దమనిషి ఏడుస్తున్నడు, పనికి పోదాం తియ్‌రా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. బయట దొరకు అడ్డంపడి, కరపత్రాలు చదివి నేర్చిన ఇంగ్లిష్‌లో నిలదీశాను. "మునిగేటోళ్లను వదిలేస్తే దేవుడు దీవిస్తడా?"

ఆయన తెల్లబోయాడు. "దీవించడమా? వాళ్ల కేకలు ఇంకా వినబడుతున్నాయి. నాలా మీరు తలవంచొద్దనే కదయ్యా చెప్పాను!"

అన్నలారా, రేపు పగలు పన్నెండున్నరకు సైట్ గేటు పక్కన నీడలోకి రండి. దొర వస్తాడు. ఈసారి తెలుగు నేను చెబుతాను.